రక్తమా, నీళ్లా? 'ఇంటి జబ్బు' మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో పార్కిన్సన్స్ గురించి రాస్తూ, "కొన్ని నరాల జబ్బులు ఇంట్లో నడుస్తాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే సంచి నిండా ఉత్తరాలు వచ్చాయి. తప్పు నాదే, అట్లాంటి మాట సగంలో వదలకూడదు. ఈసారి పేజీ మొత్తం వాటికే. పేర్లు తీసేశాను, కొన్ని ఆనవాళ్లు మార్చాను.

ఉత్తరం రాసిన వాళ్లందరినీ నేను తిరిగి అడిగింది ఒకటే. పాత క్యాలెండర్ కాగితం వెనక మీ ఇంటి చెట్టు, అంటే వంశవృక్షం, గీసి పంపండి అని. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, జబ్బు చేసినవాళ్లకు లోపల నలుపు, పోయినవాళ్ల మీద అడ్డగీత. చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ నేర్పిన మొదటి పరీక్ష ఇది. రిటైరయ్యాక నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర చిన్న క్లినిక్ పెట్టుకున్నా, ఎంఆర్‌ఐ ఫిల్ము కంటే ముందు ఇప్పటికీ ఈ కాగితమే అడుగుతాను.

ప్రశ్న: మా తాత నడుము వంగి కట్టె పట్టుకొని నడిచేటోడు. మా నాయినకు నలభై దాటంగనే మెడ తిరగకుండ అయింది, ఇప్పుడు కాళ్లు బిగుసుకపోయి మంచంల ఉన్నడు. పెద్దనాయినదీ గదే కథ. మా నాయినమ్మకు సుత మోకాళ్లు ముడుచుకపోయినయ్. ఇది మీ వంశంల ఉన్న నరాల జబ్బు అని ఒక డాక్టరు చెప్పిండు. నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లకు జీన్ టెస్టు చేయించాల్నా?
— మర్రిగూడ వైపు నుంచి ఒక రైతు

తమ్ముడూ, నువ్వు పంపిన చెట్టులోనే జవాబుంది. మీ నాయినమ్మ ఎక్కడి పిల్ల? హైదరాబాద్ పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చిందని నువ్వే రాశావు. మీ తాత వాళ్ల రక్తం ఆమెలో చుక్క కూడా లేదు, అయినా ఆమె వంగిపోయింది. మీ మేనత్తలిద్దరూ పద్దెనిమిదేళ్లు నిండక ముందే మిర్యాలగూడ అవతల సాగర్ కాలువ కింది ఊళ్లకు వెళ్లిపోయారు. డెబ్బై దగ్గర పడుతున్నా ఒకామె ఇంకా నాట్లకు పోతుందట. రక్తంలో ఉన్న జబ్బు ఆడబిడ్డను వదిలేసి కోడలిని పట్టుకోదు. నీళ్లలో ఉన్నది పట్టుకుంటుంది.

ఇది ఫ్లోరోసిస్. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరుతుంది. అంతటితో ఆగకుండా, వెన్నుపూసలను పట్టి ఉంచే మెత్తటి పట్టీలను కూడా ఎముకలా గట్టిపరుస్తుంది. వెన్నుపాము పోయే దారి ఇరుకై, లోపల నరం నలుగుతుంది. కాళ్లు బిగుసుకుపోవడం అందుకే. బయటి నుంచి చూస్తే వంశంలో వచ్చే నరాల జబ్బులాగే ఉంటుంది, మోసపోయిన డాక్టర్లలో నేనూ ఉన్నాను. నిమ్స్‌లో న్యూరోసర్జన్‌గా పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పరిశోధన పత్రాలు రాశారు. వాటిని చదివాకే మన జిల్లా రోగుల ఎక్స్‌రేలో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందా అని చూడటం నాకు అలవాటైంది.

పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు. మన ఊరి పేరు పుస్తకాలకెక్కిందని గర్వపడాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలకు జీన్ టెస్టు వద్దు. ఆ డబ్బుతో నాయిన మెడకు, నడుముకు స్కాన్ తీయించు. నరం నలుగుతున్న చోటు ఒకటి రెండు దగ్గరలే అయితే ఆపరేషన్‌తో కొందరికి మేలవుతుంది. ఎంత ఆలస్యమైతే అంత తక్కువ. ఇంట్లో తాగడానికే కాదు, పప్పు ఉడకేయడానికి, చాయ్‌కి కూడా నల్లా కృష్ణా నీళ్లే వాడండి. బోరు నీళ్లు బర్రెలు కడగడానికి ఉంచుకోండి.

ప్రశ్న: మేడం, మాది చండూరు పక్కన. మగ్గం నేసే ఇల్లు. నాకు 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా నాన్న చిటికి కట్టడంలో, అంటే రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టడంలో, పేరున్నవాడు. 44వ ఏట నుంచి చేతులు, భుజాలు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. మగ్గం మీద అటూ ఇటూ నూలు తీసుకుపోయే నాడె తప్పిపోయేది. ఊళ్లో తాగి వచ్చాడన్నారు. ఆయన ముట్టడు. తరువాత అనుమానం, కోపం మొదలయ్యాయి, అమ్మను రెండుసార్లు కొట్టాడు. బాణామతి అని తాయెత్తులు కట్టించారు. మా తాత కూడా అరవై దాటాక ఇట్లనే ఆడుతూ ఆడుతూ పోయాడట. ఇప్పుడొక పెద్ద దవాఖానలో హంటింగ్టన్స్ అన్నారు. నాకు సంబంధం కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. నేను టెస్టు చేయించుకోవాలా? వాళ్లకు చెప్పాలా? మా తమ్ముడికి 16.
— ఒక పాఠకురాలు

బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెప్పాల్సింది చాలా ఉంది, కాబట్టి తొందరపడకుండా చదువు.

మొదట నీ రక్తం కాదు, నాయిన రక్తం. హంటింగ్టన్స్ అన్నది లక్షణాలు చూసి అన్నారా, జీన్ పరీక్ష చేసి అన్నారా? నువ్వు పంపిన కాగితాల్లో ఆ పరీక్ష నాకు కనిపించలేదు. ఇట్లా ఒళ్లు ఎగిరిపడే జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. అచ్చం దీనిలాగే కనిపించి వేరే జీన్‌లో తేడా ఉన్నవీ ఉన్నాయి. ఆయన పేరు మీద ఖాయమైతేనే నీ పరీక్షకు అర్థం ఉంటుంది. లేకపోతే నీకు 'లేదు' అని వచ్చినా, దేనికి లేదో మనకు తెలియదు.

ఇది ఎట్లా వస్తుందో మీ మగ్గం భాషలోనే చెప్తాను. కణంలో దారపు కండెల్లా ఉండేవి క్రోమోజోములు. వాటిలో నాలుగోదాని మీద ఒక జీన్, అంటే ఒక ప్రోటీన్ తయారీకి రాసిన సూచన, ఉంది. చీర అంచులో ఒకే పువ్వు వరసగా వచ్చినట్టు, అందులో ఒక చోట సీ-ఏ-జీ అనే మూడక్షరాలు పదే పదే వస్తాయి. అందరిలోనూ వస్తాయి, నాలోనూ వస్తాయి. 26 సార్లదాకా ఏ బాధా లేదు. 27 నుంచి 35 దాకా ఆ మనిషికి జబ్బు రాదు గానీ, పిల్లల దగ్గరికి వచ్చేసరికి వరస పెరగొచ్చు. 36 నుంచి 39 దాకా రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే మాత్రం మామూలు ఆయుష్షు బతికిన మనిషికి జబ్బు వచ్చి తీరుతుంది. పువ్వులు ఎక్కువైతే అంచు ముడత పడినట్టే, ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్ వంకరపోయి మెదడు లోపలి కణాలను నెమ్మదిగా చంపుతుంది. తండ్రి నుంచి దిగినప్పుడు ఈ వరస పెరగడం ఎక్కువ. మీ తాతకు అరవైలో, నాయినకు నలభై నాలుగులో మొదలవడం దానికి సరిపోతుంది.

మేనరికంతో దీనికి సంబంధం లేదు. మీ అమ్మానాన్నలది బయటి సంబంధమే కదా, అయినా వచ్చింది. ఈ జీన్‌కు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులు (నకళ్లు) ఉంటాయి. ఇద్దరిలో ఒక్కరి నుంచి చెడ్డ ప్రతి ఒకటి దిగితే చాలు. నీకు దిగిందా లేదా అన్నది బొమ్మా బొరుసు. మీ తమ్ముడికి విడిగా ఇంకో బొమ్మా బొరుసు. "ఇద్దరిలో ఒకరికి వస్తుందట" అని మీ పెద్దమ్మ అన్న మాట తప్పు. ఇద్దరికీ రావచ్చు, ఇద్దరికీ రాకపోవచ్చు. ఒకరికి వచ్చింది కాబట్టి ఇంకొకరు తప్పించుకున్నట్టు కాదు.

ఇప్పుడు టెస్టు సంగతి. ఈ జీన్ ఎట్లా దొరికిందో ఒక కథ ఉంది, నీకు పనికొస్తుందని చెప్తున్నాను. అమెరికాలో నాన్సీ వెక్స్‌లర్ అనే ఆమెకు తల్లి ద్వారా ఈ జబ్బు వచ్చే అవకాశం ఉండేది. ఆమె వెనెజువెలాలో మరకైబో సరస్సు ఒడ్డున, ఈ జబ్బు తరాలుగా నడుస్తున్న జాలరి పల్లెలకు ఏటా వెళ్లి, వేలమంది రక్తం సేకరించి, ఇంటింటి చెట్టూ గీసింది. నేను నిన్ను గీయమన్న చెట్టే. ఆ పని వల్లే 1983లో జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో, 1993లో అసలు జీన్ ఏదో తేలాయి. అంత చేసిన మనిషి, తన సంగతి మాత్రం దశాబ్దాలపాటు ఎవరికీ చెప్పలేదు. 2020లో, ఒంటిమీద కనిపిస్తున్నప్పుడు, తనకూ ఉందని బయటపెట్టింది. ఈ జబ్బు గురించి ఆమె కంటే ఎక్కువ తెలిసినవాళ్లు తక్కువ. కాబట్టి "చదువుకున్నదానివి, టెస్టు చేయించుకోవడానికి భయమేంది" అని ఎవరన్నా అంటే నువ్వు తల దించుకోవాల్సిన పని లేదు.

తెలుసుకుంటే ముందే వేసుకునే మందు ఉంటే వేరే మాట. ఎగిరిపడటం తగ్గించడానికి టెట్రాబెనజిన్ ఉంది, కోపానికి, దిగులుకు మందులున్నాయి. నాయినకు అవి ఇవ్వాలి, అమ్మ మీద దెబ్బ పడటం తగ్గుతుంది. ఆ దెబ్బ కూడా జబ్బులో భాగమే అని అమ్మకు ఎవరైనా చెప్పారా? కానీ జబ్బు రాకుండా ఆపే మందు ఇప్పటికి లేదు. అందుకే ఈ పరీక్షకు ప్రపంచమంతా ఒక పద్ధతి ఉంది. ముందు కౌన్సెలింగ్, ఆలోచించుకోవడానికి సమయం, వెంట ఒక మనిషి, ఫలితం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం. రక్తం ఇచ్చాక కూడా "నాకు ఫలితం వద్దు" అనే హక్కు నీది. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో గానీ, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జన్యు వ్యాధుల ఆసుపత్రిలో గానీ అడుగు. రక్తం తీసుకొని ఈమెయిల్‌లో ఫలితం పంపే చోటికి పోకు. తమ్ముడికి పద్దెనిమిది నిండే దాకా పరీక్ష వద్దు. పెద్దయ్యాక అది వాడు తేల్చుకోవాల్సింది, అమ్మ కాదు, నువ్వు కాదు.

వాళ్లకు చెప్పాలా అన్నావు. టెస్టు నీ ఇష్టం అన్నాను గానీ ఇందులో నా అభిప్రాయం దాచను. చెప్పు. పెద్దలందరినీ కూర్చోబెట్టి కాదు, ముందు ఆ అబ్బాయికి ఒక్కడికే. నీ ఫలితం కాదు చెప్పాల్సింది, మా నాన్నకు ఈ జబ్బు ఉంది, నాకు సగం అవకాశం ఉంది అన్నంతే. ఈ ఉద్యోగంలో ఇట్లా దాచి చేసిన పెళ్లిళ్లు చూశాను. పదేళ్ల తరువాత జబ్బు కంటే ఆ దాచడమే ఇల్లు కూల్చింది. అతను కాదంటే? అంటే శ్రావణంలో నీకు బాధ. కానీ పిల్లలు పుట్టాక అనడం కంటే నయం. ఉంటానంటే పిల్లల విషయంలో దారులున్నాయి. గర్భం నిలిచిన 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు. లేదా ఐవీఎఫ్‌లో ముందే పరీక్షించి, ఆ జీన్ లేని పిండాన్నే గర్భంలో పెట్టొచ్చు. ఇట్లాంటి జబ్బులకు గర్భంలో పరీక్ష చట్టం ఒప్పుకున్నదే, ఆడా మగా చెప్పడమే నేరం.

నాకు ఫోన్ చేయి. ముహూర్తానికి ముందే.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఏడాదిగా చేతిరాత పాడైంది, మాట ముద్దగా వస్తుంది, నోట్లో నుంచి చొంగ కారుతుంది. బడిలో బద్ధకం అని కొట్టారు. ఒక డాక్టరు మానసికం అన్నాడు. రెండేళ్ల కింద కామెర్లు అయితే పసరు పోయించినం. చివరికి కళ్లద్దాల కోసం పోతే కంటి డాక్టరు నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు గీత చూసి పంపింది, విల్సన్ జబ్బు అని తేలింది. మా రెండు వైపులా ఏడు తరాల్లో ఎవరికీ లేదు. నాది మేనమామ సంబంధం. "నీ కడుపులోనే దోషం" అంటది మా అత్త. పాప ఆడుకుంటనే ఉంది, తనకేం లేదు.
— ఒక తల్లి, మక్తల్

అమ్మా, ముందు ఆ కంటి డాక్టరుకు దండం పెట్టు. ఆ గీత చూసిన మనిషి మీ బాబు ప్రాణం కాపాడింది. నరాల జబ్బుల్లో "మందుంది" అని నేను నిజంగా చెప్పగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటిది ఇదే.

ఒంటికి రాగి కావాలి, చిటికెడంత. మిగిలింది కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపిస్తుంది. ఆ పంపే పనికి ఏటీపీ7బీ అనే జీన్ కావాలి. 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండు ప్రతులూ చెడిపోతే రాగి ముందు కాలేయంలో, తరువాత మెదడులో, కంట్లో పేరుకుంటుంది. రెండేళ్ల కిందటి కామెర్లు కూడా బహుశా దీని పనే. పసరు పోసినందుకు నిన్ను అనను, కామెర్లకు పసరు పోయని ఊరు మన దగ్గర ఏది?

"ఏడు తరాల్లో లేదు" అన్నావు చూడు, చెట్టు కాగితం మోసం చేసేది ఇక్కడే. అన్నీ తెల్ల చదరాలు, తెల్ల సున్నలు, చివర ఒక్క నల్ల చదరం. చూస్తే వంశపు జబ్బు కాదనిపిస్తుంది. కానీ ఒక్క చెడ్డ ప్రతి ఉన్నవాళ్లు నిక్షేపంగా ఉంటారు, అది వాళ్లలో ఉన్నట్టు కూడా తెలియదు. అట్లా అది ఎన్ని తరాలైనా చప్పుడు చేయకుండా నడుస్తుంది. అట్లాంటి ఇద్దరు కలిసినప్పుడు, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు జబ్బు వస్తుంది. మీ కాగితంలో నన్ను ఆపింది నలుపు కాదు, మీ ఆయనకూ నీకూ మధ్య గీసిన జంట గీత. దగ్గరి చుట్టాల పెళ్లికి మేం జంట గీత గీస్తాం.

లెక్క చెప్తాను. బయటి మనుషుల్లో ఈ చెడ్డ ప్రతి మోసేవాళ్లు సుమారు తొంభై మందిలో ఒకరు. మేనమామలో అది ఉంటే, మేనకోడలిలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనబావ మరదళ్లయితే ఎనిమిదింట ఒకటి. తొంభైలో ఒకటికీ నాలుగులో ఒకటికీ ఉన్న తేడా మేనరికం తేడా. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, ఆ మాటా నిజమే. కానీ మా క్లినిక్ ముందు బెంచీ మీద కూర్చున్న పిల్లల చెట్లలో జంట గీతలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు.

ఇక మీ అత్తకు నా మాటగా చెప్పు. ఈ జబ్బుకు రెండు ప్రతులు కావాలి. ఒకటి నీది, రెండోది ఆమె కొడుకుది. మీ ఆయన నీకు మేనమామ అయితే, మీ అత్త నీకు అమ్మమ్మే కదా. ఆ ప్రతి ఆమె నుంచి గానీ మీ తాత నుంచి గానీ రెండు దారుల్లో దిగి మీ బాబు దగ్గర కలిసి ఉండొచ్చు. ఇది నింద కాదు, ఎవరూ కోరి ఇవ్వలేదు. కానీ కడుపు ఒక్కదాన్నే అనడం మాత్రం కుదరదు.

పాపకు ఏం లేదన్నావు. ఈ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట అదే. బాబుకు ఉంటే, తోడబుట్టిన పాపకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ వారమే తీసుకుపోయి రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), ఇరవై నాలుగు గంటల మూత్రంలో రాగి, లివర్ పరీక్షలు, కంటి పరీక్ష చేయించు. బాబు జీన్‌లో తప్పు ఎక్కడుందో తెలిస్తే పాపకు అదొక్కటే చూస్తే సరిపోతుంది. లక్షణాలు రాకముందే మందు మొదలుపెట్టిన పిల్లలు చదువుకొని, పెళ్లిళ్లు చేసుకొని, పిల్లల్ని కన్నారు. నా దగ్గర పెరిగినవాళ్లే ఉన్నారు.

బాబు మందు పెనిసిలమిన్. 1956లో వాల్ష్ అనే డాక్టరు మొదలుపెట్టాడు, దానికి ముందు ఈ జబ్బంటే దాదాపు మరణమే. దాంతో పాటు బీ6 మాత్ర ఉంటుంది. మొదటి వారాల్లో కొందరికి వణుకు, మాట ఇంకా పాడవుతాయి. భయపడి ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి, మోతాదు మారుస్తారు, లేదా ట్రైఎంటీన్, జింక్‌కు మారుస్తారు. బాగైంది కదా అని మధ్యలో ఆపితే కాలేయం ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఇది జీవితాంతం వేసుకోవాల్సిన మందు, బీపీ మాత్ర లాగానే.

తిండిలో మొదటి ఏడాది కార్జం, చాక్లెట్, పుట్టగొడుగులు, జీడిపప్పు మానిపించండి. పల్లీలు కూడా. పాలమూరులో ఉండి పల్లి చట్నీ వద్దంటే ఎంత కష్టమో తెలుసు, పుట్నాల చట్నీ చేయండి. ఇప్పుడు అందరిళ్లలోనూ ఫ్యాషనైన రాగి చెంబు, రాగి బాటిల్ బాబు దగ్గరికి రానివ్వకండి.

బడికి నేను ఒక లెటరు రాసిస్తాను, బద్ధకం కాదని.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని, 61 ఏళ్లు. మా అమ్మ మతిమరుపుతో ఏడేళ్లు బాధపడి పోయింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఉమ్మి పరీక్ష కిట్టు ఇచ్చాడు, నాకు 'ఏపీఓఈ నాలుగు, ఒక ప్రతి' అని వచ్చింది. అప్పటి నుంచి తాళంచెవి మరిచిపోయినా నిద్ర పట్టడం లేదు. మీరు ఈ పరీక్ష చేయించుకున్నారా?
— మిర్యాలగూడ

సార్, మీరు లెక్కల మాస్టారు కాబట్టి తేలిక. పైన చెప్పిన రెండు జబ్బుల్లో జీన్ అంటే తీర్పు. మీది తీర్పు కాదు, మొగ్గు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో తీర్పు చెప్పే జీన్లు మూడున్నాయి. 1991లో ఒకటి, 1995లో రెండు దొరికాయి. అవి ఉన్న ఇళ్లలో మామూలుగా అరవై అయిదేళ్లలోపే, ఒక్కోసారి నలభైలోపే మొదలవుతుంది. మొత్తం రోగుల్లో వాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మీ అమ్మగారికి 76వ ఏట మొదలైందని రాశారు, అది ఆ కోవ కాదు.

ఏపీఓఈ అన్నది ఒక జీన్ పేరు. అందులో రెండు, మూడు, నాలుగు అని మూడు రకాలు. నాలుగో రకం ఒక ప్రతి ఉంటే అవకాశం సుమారు మూడు రెట్లు, రెండు ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అంటారు. మూడు రెట్లు అనగానే భయమేస్తుంది. దేనికి మూడు రెట్లు అని మీరు విద్యార్థులను అడిగేవారు కదా? ఆ నాలుగు ఉండి తొంభై ఏళ్లు తెలివిగా బతికినవాళ్లు ఉన్నారు, లేకుండానే జబ్బు వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. కొలంబియాలో అంతియోకియా ప్రాంతపు ఒకామెకు నలభైల్లోనే జబ్బు తెచ్చే తీర్పు జీనే ఉంది. అయినా ఏపీఓఈలోనే ఒక అరుదైన మార్పు రెండు ప్రతుల్లోనూ ఉండటంతో డెబ్బైల దాకా బాగుందని 2019లో డాక్టర్లు రాశారు. తీర్పును కూడా ఇంకో జీన్ వాయిదా వేసిందన్నమాట.

నేను చేయించుకున్నానా అంటే, లేదు. మా అమ్మ చివరి మూడేళ్లు నన్ను "అక్కా" అని పిలిచింది. ఆరేసిన బట్టలు తీసి, మడతపెట్టి, మళ్లీ తీగ మీద వేసేది, పొద్దుగూకే దాకా. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా కిట్టు తెప్పించుకోవాలనిపించింది. తెలిసి ఏం చేస్తాను? ఉన్నా చేసేది అదే, లేకపోయినా చేసేది అదే. కాబట్టి చేసేదే మొదలుపెట్టాను. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలు చెప్పింది. వాటిని సరిచేస్తే మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతం ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, కదలకపోవడం, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. వినికిడి తగ్గడం కూడా ఉంది. నాకు ఎడమ చెవి తగ్గింది. ముసలిదాన్నయ్యానని ఒప్పుకోవడం ఇష్టంలేక రెండేళ్లు నాన్చి, పోయిన సంక్రాంతికి మిషన్ పెట్టించుకున్నాను. మీరు ఒకసారి చెవులు చూపించుకోండి.

తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోవడం అరవైల్లో మామూలు. తాళంచెవి ఏం పనికొస్తుందో మరిచిపోతే అప్పుడు రండి.

ప్రశ్న: మా నాన్నకు 71వ ఏట పార్కిన్సన్స్ మొదలైంది. నాకు, చెల్లెలికి వస్తుందా? — సూర్యాపేట

ఆ వయసులో మొదలైతే ఇంట్లో ఇంకొకరికి రావడం తక్కువే. మామూలు మనుషుల కంటే కొంచెం ఎక్కువ, అంతే. పరీక్ష అక్కర్లేదు. నలభైలోపే మొదలై, అమ్మానాన్నలది మేనరికమైతే కథ వేరు. 1998లో జపాన్‌వాళ్లు కనుక్కున్న పార్కిన్ లాంటి జీన్లు విల్సన్ జబ్బు దారిలోనే, రెండు ప్రతులు కలిస్తేనే పనిచేస్తాయి. అది మీది కాదు.

ప్రశ్న: డాక్టరమ్మా, ఆటో నడుపుత. మా తాతకు, నాయినకు, నాకు చేతులు వణుకుతయి. పొద్దున ఎక్కువ. రెండు సీసాల కల్లు పడితే ఆగిపోతది. ఇది జీన్ల రోగమా? — జడ్చర్ల

తమ్ముడూ, రెండు రకాలుగా ఉండొచ్చు. రెండూ కల్లుతో తగ్గుతాయి, అదే చిక్కు.

ఒకటి, ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు. ఇంట్లో నడిచే వణుకే, తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే, సంతకం పెడితే వణుకుతుంది, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే ఆగుతుంది. పార్కిన్సన్స్‌లో అయితే తలకిందులు, ఖాళీగా ఉన్న చెయ్యే వణుకుతుంది. సారా గానీ కల్లు గానీ పడితే ఎసెన్షియల్ ట్రెమర్ చాలామందిలో కాసేపు ఆగుతుంది. దీనికి ప్రొప్రనొలోల్ అనే మాత్ర ఉంది, ఆస్తమా ఉంటే అది వద్దు.

రెండోది, నువ్వు తాగేది చెట్టు కల్లు కాకపోవడం. అల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పాలమూరులో ఎంత అమ్ముడైందో నీకు నాకంటే బాగా తెలుసు. రాత్రి మత్తు దిగేసరికి పొద్దున వణుకు వస్తుంది, మళ్లీ తాగితే పోతుంది. అది జీన్ల పని కాదు, సీసా పని. అయితే ఈ ఉత్తరం చదివి రేపటి నుంచే కల్లు బంద్ అనుకోకు. అట్లా ఒక్కసారి ఆపినవాళ్లకు ఫిట్స్ వచ్చి, పిచ్చి మాటలు మాట్లాడి, కొందరు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారు. మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు పో. మందులిచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు.

నాకు ఫోన్‌లో రెండు చిన్న వీడియోలు పంపు. చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు ఒకటి, చేతులు ఒళ్లో పెట్టుకొని టీవీ చూస్తున్నప్పుడు ఒకటి. రెండూ పొద్దున్నే, కల్లు పడకముందు తీయి. చెట్టు కాగితం కూడా గీయి. అందులో మీ మేనత్తల పేర్లు మరిచిపోకు. వాళ్లు కల్లు ముట్టకపోతే, వాళ్ల చేతులు కూడా వణుకుతాయా లేదా అన్నది పక్కన రాయి.